మా మైకు అల్లుడు

మా అల్లుడి గొంతు ఆ ఊళ్ళో అందరికీ తెలుసు, ఇంట్లోవాళ్ళకి తప్ప. బస్టాండులో ఎంక్వైరీ గదిలో కూర్చుని ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తోందో, ఏది ఆలస్యంగా నడుస్తోందో మైకులో చెప్పడం అతని ఉద్యోగం. పెళ్ళి మాటలు నడుస్తున్నప్పుడు నేను ఎవరికీ చెప్పకుండా వెళ్ళి, ఆ బస్టాండు బెంచీ మీద ఒక పూటంతా కూర్చుని విన్నాను. ఒక్క మాట తడబడలేదు, ఒక్క అక్షరం మింగలేదు. ఇంత ముచ్చటగా మాట్లాడే మనిషి దొరికితే నా కూతురికి ఇంట్లో రేడియో కూడా అక్కర్లేదని మురిసిపోతూ వచ్చాను. పెళ్ళయి వారం తిరక్కుండానే ఆ మురిపెం కాస్తా తీరిపోయింది.

ఇంటికొస్తే ఆ మహానుభావుడు బెల్లంకొట్టిన రాయి. రోజంతా అరిగిపోయిన గొంతుని ఇంట్లో దాచుకోవాలట. మంచినీళ్ళు కావాలంటే గ్లాసు వైపు చూస్తాడు. కూర బాగుందా అంటే తలూపుతాడు. మరీ తప్పదనుకుంటే "ఊఁ" అంటాడు. ఆ ఊఁ-లో రకాలున్నాయనీ, అవునుకి ఒకటి, కాదుకి ఒకటి, అత్తయ్యగారు ఇంకెన్నాళ్ళుంటారని అడగడానికి ఇంకొకటి అనీ నా కూతురు నాకే చెప్పి పడీపడీ నవ్వింది. నేనేమో కూరగాయల కొట్టు నడుపుకుని బతికినదాన్ని. నోరు మూసుకుని ఒక్క వంకాయ కూడా అమ్మి ఎరగను. అలాంటి నాకు ఇలాంటి అల్లుడు. అతనికి మైకు అని పేరు పెట్టాను. మొదట్లో చాటుగా అనేదాన్ని, తర్వాత ఎదురుగానే అన్నాను. దానికీ ఊఁ అన్నాడు.

వాళ్ళు కాపురముండేది బస్టాండు వెనక సందులో, మేడమీద రెండు గదుల్లో. నా కూతురు బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. ముందుగదిలో కిటికీ దగ్గర వెలుతురుంటుందని మిషను అక్కడే వేసుకుంది. ఆ కిటికీకి ఎదురుగానే స్తంభం, దాని మీద బస్టాండువాళ్ళ లౌడుస్పీకరు. బస్సుల హారన్లు, మిషను చప్పుడు, స్పీకరు మోత, అన్నీ కలిసి ఆ గదిలో నా మాట నాకే వినపడేది కాదు. నా కూతురికి మాత్రం అలవాటైపోయి, స్పీకరు కాసేపు ఆగితే ఏమైందోనని తల ఎత్తి చూసేది.

కడుపుతో ఉన్నానని తను చెప్పినప్పుడు మా అల్లుడు చాలాసేపు ఆలోచించి, "టైముకే వస్తుందా, ఆలస్యమవుతుందా?" అని అడిగాడట. ఆ మాట ఫోనులో విని నేను నవ్వు ఆపుకోలేక, మర్నాడే సంచి సర్దుకుని వచ్చేశాను. ఎందుకు వచ్చానని ఎవరూ అడగలేదు కానీ ఊఁ మాత్రం వినపడింది. ఏ రకం ఊఁ-ఓ నేను పట్టించుకోలేదు.

ఆసుపత్రిలో ఒక నర్సమ్మ ఉండేది. మనిషి కలుపుగోలు. కడుపులో బిడ్డకి బయటి మాటలు వినపడతాయనీ, తండ్రి రోజూ కాసేపు మాట్లాడుతుంటే పుట్టాక ఆ గొంతు గుర్తుపడుతుందనీ ఆవిడ ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది. నా కూతురు విని మర్చిపోయింది. మా అల్లుడు మాత్రం పైఅధికారి ఆర్డరు వేసినట్టు తీసుకున్నాడు. ఆ సాయంత్రమే స్టూలు లాక్కుని భార్య ఎదురుగా కూర్చున్నాడు. గొంతు సవరించుకున్నాడు. పొట్ట దగ్గరికి వంగి, "నమస్కారం" అన్నాడు.

వంటింట్లో నా చేతిలో గరిటె జారి కింద పడింది. నా కూతురైతే నవ్వి నవ్వి పొట్ట పట్టుకుంది. అతను మాత్రం నవ్వలేదు. అప్పటినుంచి ప్రతి సాయంత్రం అదే వరస. నాకు వినపడకూడదని గుసగుసగా మాట్లాడేవాడు. నేను ఊరుకుంటానా, తలుపు పక్కన నిలబడి వినేదాన్ని. పాపం ఆ మనిషికి వచ్చిన భాష ఒక్కటే. "దయచేసి అమ్మని తన్నకండి. అమ్మకి నడుం నొప్పిగా ఉంది. లోపల ఇరుకుగా ఉన్నందుకు చింతిస్తున్నాము." ఇవీ కబుర్లు. ఒకసారి నేను తలుపు తోసి, "బాబూ, బయటున్న నాకే సరిగా వినపడట్లేదు, లోపలివాళ్ళకేం వినపడుతుంది, కాస్త గొంతు పెంచు" అన్నాను. అతని ముఖం కందగడ్డయింది. స్టూలు తీసి మూల పెట్టి వెళ్ళిపోయాడు.

అతను వెళ్ళాక నా కూతురు నా మీద విరుచుకుపడింది. ఇంకోసారి అలా చేస్తే ఊరుకోనంది. అల్లుడి తండ్రి లారీ నడిపేవాడని నాకు తెలుసు. కానీ ఆయన ఎప్పుడో ఒకసారి ఇంటికొస్తే, ఎవరో కొత్త మనిషి వచ్చాడని చిన్నప్పుడు ఇతను తల్లి వెనక దాక్కునేవాడన్న సంగతి అప్పటిదాకా నాకు తెలియదు. ఆయన నవ్వేసి, తెచ్చిన బొమ్మ గడప దగ్గర పెట్టి, కాసేపు అలా బయట తిరిగొస్తానని వెళ్ళిపోయేవాడట.

"మామయ్యగారు నవ్విన ఆ నవ్వు ఈయనకి ఇప్పటికీ గుర్తుందట అమ్మా. ఈయనా తెల్లారకముందే పోతారు, దీపాలు పెట్టాక వస్తారు. నా పిల్ల నన్ను చూసి ఎవరో అనుకోకూడదు అంటారు. ఈయనకున్న భయమల్లా అదొక్కటే" అంది.

ఆ తర్వాత నేను అతన్ని వెక్కిరించడం మానేశానని అబద్ధం చెప్పను కానీ, స్టూలు లాగిన చప్పుడు వినపడగానే వంటింటి తలుపు వేసేసుకునేదాన్ని.

నొప్పులు మిట్టమధ్యాహ్నం మొదలయ్యాయి. ఇంటి కిందున్న ఆటోలో నా కూతురిని కూర్చోబెట్టి, దారిలో బస్టాండు దగ్గర ఆపి, ఎంక్వైరీ కిటికీలోంచి నేనే కేకేశాను. మా అల్లుడు చెబుతున్న బస్సుని చివరిదాకా చెప్పి, ధన్యవాదాలు కూడా చెప్పి, అప్పుడు లేచి పరిగెత్తాడు. మైకు కట్టేయడం మాత్రం మర్చిపోయాడు. అతని బదులు వచ్చి కూర్చున్న గుమాస్తా టీ జుర్రుకోవడం, భార్యతో ఫోనులో పోట్లాడటం బస్టాండంతా విన్నదని తర్వాత తెలిసింది. ప్రయాణికులు ఎంతగా లీనమైపోయారంటే కొందరు బస్సులు కూడా వదిలేసుకున్నారట.

ఆడపిల్ల. టైముకే వచ్చింది. నర్సమ్మ తెచ్చి తండ్రి చేతుల్లో పెట్టింది. అతను జుట్టు దువ్వుకుని, చొక్కా సర్దుకుని సిద్ధంగా ఉన్నాడు. పిల్ల ముఖం మీదికి వంగి, రోజూ పలికినట్టే గుసగుసగా, "నమస్కారం" అన్నాడు. పిల్ల ఒక్కసారి కళ్ళు చికిలించి, ఆసుపత్రి ఎగిరిపోయేలా ఏడుపు లంకించుకుంది. అతను మళ్ళీ మాట్లాడాడు. మళ్ళీ ఏడిచింది. పుట్టిన పిల్లలు ఏడవరా ఏమిటి అని నర్సమ్మ సర్దిచెప్పింది. నేను పిల్లని అందుకుని, "ఏమిటే నీ గోల, బంగారం" అన్నానో లేదో ఠక్కున ఊరుకుంది. అమ్మమ్మ గొంతంటే ఏమనుకున్నారు అని నేను గొప్పలు పోతూ అటు తిరిగాను. మా అల్లుడి ముఖం చూసి నా గొప్ప గొంతులోనే ఆగిపోయింది. అతను నవ్వుతున్నాడు. నా కూతురు చెప్పిన నవ్వు అదేనని నాకు అర్థమైంది.

ఇంటికి తెచ్చుకున్నాం. దుమ్మూ మోతా పిల్లకి పడవని నేను ముందుగది కిటికీ రెక్కలు బిగించేశాను. సందుల్లో యూనిఫారం గుడ్డపీలికలు కుక్కాను. స్పీకరుకి కూడా ఊపిరాడనంత గట్టిగా కుక్కాను. నా కూతురు మిషను ఎత్తి మూల పెట్టింది. గదంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో పిల్ల ఏడ్చేది చూడండీ, అబ్బ, తల వాచిపోయేది.

మా అల్లుడు సాయంత్రం రాగానే చేతులు కడుక్కుని ఉయ్యాల దగ్గర స్టూలు వేసుకునేవాడు. గుసగుసలు చెప్పేవాడు. పిల్ల తిరిగే ఫ్యానుని చూసినంత ఆసక్తిగా కూడా తండ్రిని చూసేది కాదు. నేను పిలిస్తే చూసేది, తల్లి పిలిస్తే చూసేది, పాలు తెచ్చే ముసలాయన దగ్గినా కనురెప్ప ఎత్తేది. తండ్రి మాటంటే మాత్రం గోడతో సమానం. ఒకరోజు అతను వచ్చి చేతులు కడుక్కున్నాడు, స్టూలు వైపు చూశాడు, దాన్ని లాక్కోకుండా మెట్లు దిగి పెరట్లోకి వెళ్ళి రేపటి చొక్కా ఉతుక్కున్నాడు. నా కూతురు వెనక్కి తిరిగి కళ్ళు తుడుచుకుంది. నాకు అతని మీద జాలి, పిల్ల మీద కోపం. ఇంత పొగరేమిటే నీకు అని పిల్లని తిట్టాను కూడా.

ఆ మర్నాడు ఉక్కపోత. పిల్ల గుక్కపట్టింది. ఎత్తుకున్నా ఆగదు, ఊపినా ఆగదు. గాలాడటంలేదేమోనని నేను విసుక్కుంటూ కుక్కిన గుడ్డలు పీకి కిటికీ తెరిచాను. సరిగ్గా అప్పుడే స్పీకరు ఖంగుమంది. "ప్రయాణికులకు విజ్ఞప్తి" అంటూ మా అల్లుడి గొంతు గదంతా నిండిపోయింది.

పిల్ల ఏడుపు తెగిపోయింది. కళ్ళు ఇంతింత చేసుకుని, మెడ నిలవని పిల్ల, తల మెల్లగా కిటికీ వైపు తిప్పింది. అతను బస్సు సంగతి పూర్తిచేసేదాకా ఊపిరి బిగబట్టి విన్నది. గొంతు ఆగిపోగానే మళ్ళీ రాగం తీసింది.

కాకతాళీయం అన్నాను నేను. నా కూతురు పిల్లని తెచ్చి కిటికీ దగ్గర కూర్చుంది. భోజనాల వేళ మైకులోకి గుమాస్తా వచ్చాడు. పిల్ల లెక్కచేయలేదు, దాని ఏడుపు దానిదే. కాసేపటికి మళ్ళీ మా అల్లుడు వచ్చాడు. పిల్ల నోరు మూసి ఆ వైపు తిరిగింది. అప్పుడు నా కూతురు నన్ను చూసి, "నెలల తరబడి ఇక్కడే కూర్చుని కుట్టాను కదమ్మా. పొద్దస్తమానం ఇది విన్న గొంతు ఇదే. ఆ గుసగుసల మనిషి ఎవరో దీనికేం తెలుసు" అంది. అని నవ్వడం మొదలుపెట్టి, ఏడ్చేసింది.

సాయంత్రం అల్లుడు రాగానే ఇద్దరం మీద పడి చెప్పాం. నమ్మలేదు. ఊరడించడానికి చెబుతున్నామనుకున్నాడు. అయితే ఇప్పుడే మైకులో మాట్లాడినట్టు మాట్లాడి చూడమంది నా కూతురు. ఇంట్లోనా, అత్తయ్యగారి ముందా అని గింజుకున్నాడు. నేను లేననుకో బాబూ అని గోడవైపు తిరిగి కూర్చున్నాను. మైకు లేనిదే గొంతు రాదన్నాడు. నా కూతురు వంటింట్లోంచి గరిటె తెచ్చి చేతిలో పెట్టింది. నవ్వితే ఒట్టు, అతను జేబులోంచి రుమాలు తీసి, డ్యూటీలో చేసినట్టే ఆ గరిటెకి చుట్టాడు. వేలితో రెండుసార్లు తట్టి చూసుకున్నాడు కూడా. నేను పెదవి కొరుక్కుని కూర్చున్నాను.

"ప్రయాణికులకు విజ్ఞప్తి" అన్నాడు.

గిన్నెలు మోగాయి. నేను ఆగలేక ఇటు తిరిగాను. ఉయ్యాల్లో కాళ్ళు తన్నుకుంటున్న పిల్ల కదలడం మానేసింది. తల తిప్పింది. కిటికీ వైపు కాదు, అతని వైపు. ఆ గొంతు ఇంత దగ్గరికి ఎలా వచ్చిందా అన్నట్టు, ఆ నోటినే చూస్తూ ఉండిపోయింది.

"మూడవ నంబరు ప్లాట్‌ఫారం మీద" అన్నాడు. అంతే, ఆగిపోయాడు. మైకు పట్టాక వాక్యం మధ్యలో ఆగడం ఆ మనిషి ఎరగడు. ఏ బస్సో చెప్పకుండా ఆపితే పిల్ల ఏమనుకుంటుందని నా కూతురు వేళాకోళమాడబోయి, పైట చెంగుతో ముఖం కప్పుకుంది. నేనైతే దాపరికం లేకుండా ఏడ్చాను. ఆ రోజు నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

ఆ వారంలోనే నేను మా ఊరికి బయల్దేరాను. బస్టాండులో అల్లుడు ఎంక్వైరీ కిటికీలోంచి నన్ను చూసి చెయ్యి ఊపాడు. బస్సు రాగానే మైకులో చెబుతానని సైగ చేశాడు. సరే కదా అని నేను సంచి ఒళ్ళో పెట్టుకుని, పక్కావిడకి నా మనవరాలి ఘనకార్యాలు చెబుతూ కూర్చున్నాను. అతను వరసగా బస్సులు చెబుతూపోయాడు. ఉన్నట్టుండి స్పీకరు కాసేపు మూగబోయింది. ఆ తర్వాత అదే గొంతు, అదే ఖంగు, కానీ మాటలు వేరు.

"అమ్మలూ. నేను, నాన్నని. ఏడవకు తల్లీ. సాయంత్రం వచ్చేస్తాను."

బస్టాండు బస్టాండంతా గగ్గోలెత్తిపోయింది. ఎవరి పిల్లో తప్పిపోయిందనీ, తండ్రే స్వయంగా మైకులో పిలుస్తున్నాడనీ జనం అనుకున్నారు. బెంచీల కింద వెతికేవాళ్ళు వెతుకుతున్నారు. కదిలిన బస్సుని ఆపి కండక్టరు సీటు సీటూ చూస్తున్నాడు. తల్లులు తమ పిల్లల రెక్కలు గట్టిగా పట్టుకున్నారు. నా పక్కావిడ నా సంచి కూడా తెరిచి చూసింది. ఈ గందరగోళంలో నా బస్సు రావడం, పోవడం రెండూ జరిగిపోయాయి. అల్లుడు దాని ఊసే ఎత్తలేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. కడిగిపారేద్దామని ఎంక్వైరీ కిటికీ దగ్గరికి వెళ్ళాను. అక్కడ ఇసుక వేస్తే రాలనంత జనం. ఏం వయసు, ఏం గౌను వేసుకుంది, ఎవరితో వచ్చింది అని తలోమాటా అడుగుతున్నారు. అతని పైఅధికారి కూడా వచ్చి వెనక నిలబడ్డాడు. మా అల్లుడు ఆ ముఖాలన్నింటినీ ఒక్కొక్కటిగా చూశాడు, చివరన ఉన్న నన్నూ చూశాడు. అందరికన్నా ముందున్న ఒక ముసలమ్మ కిటికీ ఊచలు పట్టుకుని, "పిల్ల దొరికిందా నాయనా?" అని అడిగింది.

"దొరికిందండీ" అన్నాడు మా అల్లుడు.