సాక్ష్యంలో ముందు పేరు

ఉదయగిరి కోటను పట్టడానికి రాయలవారికి ఏడాదిన్నర పట్టిందని చరిత్రలో రాసి ఉంది. అదే కోట కింద యాభై ఒక్క ఏళ్లుగా కాపురముంటున్న హెన్రీ టీ తాగే పద్ధతిని గురించి మాత్రం ఏ చరిత్రకారుడూ ఒక్క వాక్యం రాసిన పాపాన పోలేదు. హెన్రీ ఎన్నడూ నిండు గ్లాసు టీ తాగి ఎరుగడు. ముందు అర గ్లాసు పుచ్చుకుంటాడు. అది ముగించి, గ్లాసు కింద పెట్టి, కాసేపు ఎదుటి గోడను పరిశీలించి, ఇంకో అర గ్లాసు కావాలంటాడు. మొదటి అర గ్లాసు చుట్టరికానికి, రెండోది సలహాకు. ఆత్మకూరులో ఉన్న ఆయన చెల్లెలి ఇంట్లో బోరు ఎక్కడ వేయాలన్నది, గేదెను ఎప్పుడు అమ్మాలన్నది, బావకు పన్ను పీకించాలా వద్దా అన్నది, అన్నీ రెండో అర గ్లాసు మీద తేలిన విషయాలే.

హెన్రీకి ఉదయగిరి బస్టాండు ఎదుట పంక్చర్ల షాపు ఉంది. వారానికొకరోజు దాన్ని మూసి, బస్సెక్కి ఆత్మకూరు వస్తాడు. చెల్లెలు విజయకుమారి, బావ సురేశ్‌బాబు, వాళ్ల ఒక్కగానొక్క కూతురు కరుణశ్రీ. మేనమామ అన్న పదవి దేవుడిచ్చిందనీ, దానికి రిటైర్మెంటు లేదనీ హెన్రీ నమ్మకం. అయితే దేవుడు అదే ఇంటికి ఒక మేనత్తను కూడా ఇచ్చాడు.

ఆమె సురేశ్‌బాబు అక్క ప్రమీలారాణి. ఆత్మకూరులోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. తమ్ముడి ఇంటికి రెండు వీధుల అవతల ఉంటుంది. హెన్రీ లెక్కలో ఇది ఆమె చేసిన మొదటి నేరం. హెన్రీ రావాలంటే బస్సు రావాలి. ఆమె రావాలంటే చెప్పులు తొడుక్కుంటే చాలు.

రెండో నేరం పేరు పెట్టిన నాడు జరిగింది. పిల్లకు ఎస్తేరు అని పెట్టాలని హెన్రీ బస్సులో తలచుకుంటూ బయల్దేరాడు. దారిలో బస్సుకు పంక్చరు పడింది. టైర్ల మనిషి బస్సులో ఉండగా ఊరుకోవడం మర్యాద కాదు గనక దిగి సాయం పట్టాడు. చేతులు కడుక్కుని ఇల్లు చేరేసరికి పిల్ల కరుణశ్రీ అయిపోయి, పాస్టరుగారు ప్రార్థన ముగించి లడ్డు తింటున్నారు.

ఆ తర్వాత సంగతులు ఇంకా బాధాకరం. టీకాలు వేసింది ప్రమీలారాణి. గుక్కపట్టి ఏడిపించిందీ ఆమే. అయినా ఏడ్చిన పిల్ల వాలేది ఆమె భుజం మీదే. బిస్కెట్ ప్యాకెట్లతో వచ్చే మేనమామకు దూరం నుంచి చెయ్యి ఊపేది. సూదులతో పొడిచిన మనిషికి లభించిన ప్రేమ, క్రీము బిస్కెట్లు తెచ్చిన మనిషికి ఎందుకు లభించలేదన్నది హెన్రీ పద్దెనిమిదేళ్లుగా ఆలోచిస్తున్న ప్రశ్న.

ఇంతవరకైతే ఓర్చుకునేవాడే. వాళ్ల చర్చిలో ఒక ఆచారం ఉంది. పిల్లలు పరీక్ష పాసైనా, సీటు వచ్చినా, ఉద్యోగం దొరికినా ఆదివారం ఆరాధనలో లేచి సాక్ష్యం చెబుతారు. ముందు దేవుడికి స్తోత్రం, తర్వాత అమ్మానాన్నలకు, ఆపైన వెన్నుతట్టిన వాళ్లకు పేరుపేరునా కృతజ్ఞత. పదో తరగతి పాసైనప్పుడు కరుణశ్రీ లేచి "మా ప్రమీలత్త, మా హెన్రీ మామ" అంది. దేవుడు ముందున్నందుకు హెన్రీకి అభ్యంతరం లేదు. అమ్మానాన్నలకూ సర్దుకున్నాడు. ఆ తర్వాతి వరుస మాత్రం రెండేళ్లయినా అరగలేదు. టైరు విప్పుతూ విప్పుతూ ఆగి, ఆ రెండు పేర్లను మనసులో అటుదిటు చేసి అనుకుని, మళ్లీ విప్పేవాడు.

ఇటువంటి పరిస్థితుల్లో కరుణశ్రీకి ఇంజనీరింగ్ ర్యాంకు వచ్చింది. కాలేజీల పేర్లు వరుసగా కంప్యూటర్లో పెట్టాలి. దాన్ని వెబ్ ఆప్షన్లంటారు. దానికొక ఆఖరి తేదీ ఉంటుంది. సీటు వస్తే సాక్ష్యం ఉంటుంది. సాక్ష్యంలో వరుస ఉంటుంది. హెన్రీ ఆ వారం సెలవు రోజు దాకా ఆగకుండానే బస్సెక్కాడు.

రెండో అర గ్లాసు చేతికి వచ్చాక, నెల్లూరు కాలేజీని మించింది లేదని ప్రకటించాడు. ఏ కాలేజీ మంచిచెడ్డలైనా ఆయన బస్సులను బట్టే కొలుస్తాడు. ఉదయగిరిలో ఎక్కితే ఆత్మకూరు మీదుగా తిన్నగా నెల్లూరు. నడుమ మారే పని లేదు. ఇంతకన్నా ఉత్తమ విద్య ఎక్కడుంటుంది?

విజయకుమారి సంతోషపడింది. "వొదిన గూడా అదే చెప్పిందన్నా. నిన్ననే వచ్చి నెల్లూరే పెట్టమనింది."

హెన్రీ గ్లాసు కింద పెట్టాడు. టీ ఇంకా ఉంది. 'నిన్ననే' అన్న మాట ఆయన చెవిలో మేకు దిగిన టైరులా చాలాసేపు చప్పుడు చేసింది. నెల్లూరులో సీటు వస్తే అది ప్రమీలారాణి చెప్పిన సీటవుతుంది. తాను ఆమె మాటకు తలూపిన రెండో మనిషి అవుతాడు. కాసేపు గోడ చూసి, అన్నీ ఆలోచిస్తే ఒంగోలు కాలేజీయే మేలనిపిస్తోందని నెమ్మదిగా సెలవిచ్చాడు.

ఈ కబురు సాయంత్రానికి రెండు వీధులు దాటింది. నెల్లూరు మాట హెన్రీ కూడా అన్నాడని ప్రమీలారాణికి తెలిసింది. అసూయ అంటుజబ్బు. నర్సులకూ సోకుతుంది. హెన్రీతో ఏకాభిప్రాయం తన ఆరోగ్యానికి పడదనుకుందో ఏమో, మర్నాడు డ్యూటీ దిగి నేరుగా తమ్ముడింటికి వచ్చి, తిరుపతి వైపు హాస్టళ్లలో మంచినీళ్లు బాగుంటాయని చెప్పింది. అక్కడి నుంచి రోజుకొక దండయాత్ర. ఒంగోలు గాలి మంచిదని ఒకరు, తిరుపతి నీళ్లు మంచివని ఇంకొకరు. చదువు ఊసు ఎవరూ ఎత్తలేదు. సురేశ్‌బాబు మీరెట్టంటే అట్టని ఇద్దరికీ మాటిచ్చి, గేదెకు నీళ్లు పెట్టే పనిలో పడ్డాడు. ఆ వారం గేదె తాగినన్ని నీళ్లు ఎన్నడూ తాగలేదు.

ఆఖరి రోజు మధ్యాహ్నం కరుణశ్రీ ఆత్మకూరులోని నెట్ సెంటరుకు బయల్దేరింది. కుడిపక్క మామ, ఎడమపక్క అత్త. ఎవరూ ఎవరినీ రమ్మనలేదు. ఒకరు వెళ్తున్నారని తెలిసి ఇంకొకరు వెళ్లారు. కంప్యూటరు ముందు కరుణశ్రీ కూర్చుంది. వెనక హెన్రీ నిలబడ్డాడు. ప్రమీలారాణి డ్యూటీ నుంచి అన్నం తినకుండా వచ్చింది గనక, పక్క బేకరీలో ఎగ్ పఫ్ కొనుక్కుని స్టూలు మీద కూర్చుంది. సాయంత్రానికి సైటు మూసేస్తారని సెంటరు కుర్రవాడు రెండుసార్లు గుర్తుచేశాడు.

ఒంగోలా, తిరుపతా అని ఇద్దరూ మళ్లీ మొదలుపెట్టారు. కరుణశ్రీ కొంతసేపు విని, కుర్చీ తిప్పింది.

"మామా, నువ్వు మొదట చెప్పింది నెల్లూరే గదా?"

అది వేరే సందర్భమని హెన్రీ అన్నాడు.

"అత్తా, నువ్వూ నెల్లూరే గదా చెప్పింది?"

ప్రమీలారాణి పఫ్ కొరికింది.

"నాకూ నెల్లూరే ఇష్టం. నన్నెవురూ అడగలా. ఇప్పుడు ముందు ఎవురు సరే అంటే, సాక్ష్యంలో వాళ్ల పేరు ముందు చెప్తా."

"నెల్లూరే పెట్టు తల్లీ," అన్నాడు హెన్రీ. ముప్పై ఏళ్ల వృత్తిలో ఏ టైరులోంచీ గాలి అంత వేగంగా బయటికి రాలేదు.

ప్రమీలారాణి చెయ్యెత్తింది గానీ మాట రావడానికి కొంత సమయం పట్టింది. "ఇది అన్యాయం బావా. నా నోట్లో పఫ్ ఉండాది."

"తినేటప్పుడు మాట్లాడగూడదని నువ్వే గదా వొదినా అందరికీ చెప్తావు," అన్నాడు హెన్రీ.

కరుణశ్రీ నెల్లూరు కాలేజీని మొదట పెట్టి మీట నొక్కింది. కొన్నాళ్లకు అదే సీటు వచ్చింది.

సాక్ష్యం రోజున హెన్రీ మొదటి బస్సుకే దిగాడు. తెల్లచొక్కా ఇస్త్రీ చేయించాడు. చర్చిలో మగవాళ్ల వైపు ముందు వరుసలో, ఆడవాళ్ల వైపు బాగా కనిపించే చోట కూర్చున్నాడు. ఓడిన వాళ్ల మీద జాలి చూపించే ముఖమొకటి దారి పొడుగునా సాధన చేస్తూనే వచ్చాడు. పాటలు అయ్యాయి. పాస్టరుగారి వాక్యోపదేశం అయింది. కరుణశ్రీ లేచింది. దేవుడికి స్తోత్రం చెప్పింది. అమ్మానాన్నలను తలచింది.

"మా హెన్రీ మామ," అంది. ఊపిరి తీసుకుని, "మా ప్రమీలత్త," అంది.

వరుస మారింది. సంఘమంతా ఆమెన్ అంది. హెన్రీ తొందరపడలేదు. కండువా సర్దుకుని, ఆ ముఖాన్ని పెట్టుకుని, ఆడవాళ్ల వైపు మెల్లగా తిరిగాడు. మొదటి వరుస చూశాడు. రెండోది చూశాడు. గోడ వారన చాప మీద కూర్చున్న ముసలివాళ్ల దాకా చూశాడు.

ఆ ఆదివారం ప్రమీలారాణికి ఆసుపత్రిలో పగలు డ్యూటీ పడింది.