కల్యాణ మండపంలో హాకీ

ఆషాఢం వస్తే తిరపతిలో చానామంది దిగాలు పడతారు. మండపాలోళ్ళు, మేళమోళ్ళు, పూలంగళ్ళోళ్ళు, వంటోళ్ళు. మేము మాత్రం ఎగిరి గంతేసేవాళ్ళం. మూఢం వచ్చినా అంతే. పెళ్ళిళ్ళు ఎప్పుడు ఆగిపోతే అప్పుడు మాకు సీజను.

మాది కాలేజీ హాకీ టీము. హాకీ అంటే గడ్డి మీద పరిగెత్తేది కాదు. కాళ్ళకి చక్రాల బూట్లు, చేతిలో వంకర కర్ర, కింద నల్లటి రబ్బరు బిళ్ళ. చలి దేశాల్లో దీన్నే మంచు మీద ఆడతారు. మాకు మంచు యాడ్నించి వస్తాది? చంద్రగిరి రోడ్డులో ఒక కల్యాణ మండపం ఉండాది. దాని హాలంతా నున్నగా పాలిష్ చేసిన నల్ల బండలు. అదే మా మంచు.

నేను ఆ ఆట మొదటిసారి చూసింది కొట్లాటకి పోయి. ఫస్టియర్లో ఉన్నా. నా స్కూటీకి అడ్డంగా ఎవురో ఆటో పెట్టి మండపం లోపలికి పోయినారు. పది నిమిషాలు హారన్ కొట్టినా ఒక్కడూ రాలేదు. నాకు ముందే కోపమెక్కువ. తిట్లన్నీ నోట్లో రెడీగా పెట్టుకోని, ఒక చేతిలో ఫోను పట్టుకోని, ధనామని తలుపు తోసినా.

అంతే, ఆడనే నిలబడిపోయినా.

లైట్లు వెయ్యలేదు. పైన కిటికీల్లోంచి పడే ఎండకి బండలు చెరువు నీళ్ళ మాదిరి మెరస్తా ఉండాయి. ఆ మెరుపు మీద ఒకడు వెనక్కి వెనక్కి జారతా వస్తా ఉండాడు. పరిగెత్తడం లేదు, నడవడం లేదు, ఊరికే వస్తా ఉండాడు. సన్నగా సుయ్‌మని చప్పుడు. బిళ్ళ కర్రకి అతుక్కున్నట్టే వస్తాది. గోడ దగ్గరికొచ్చి గుద్దుకుంటాడేమో అని నేను అరవబోతే, నడుం ఇట్ల తిప్పి అట్ల మళ్ళిపోయినాడు. మనిషికి బరువుంటాదనే సంగతే నేను మర్చిపోయినా. తిట్లూ మర్చిపోయినా.

"ఏమ్మే, ఆటో తియ్యాల్నా?" అన్నాడు నన్ను చూసి.

"వద్దులే. ఇంకోసారి అట్ల తిరుగు," అన్నా.

ఆయనే కెప్టెనన్న. ఊరు నగరి. వాళ్ళ నాయనకి పవర్‌లూమ్ మగ్గాల షెడ్డు ఉండాది. ఇంట్లో అరవం, తెలుగు రెండూ కలిపి కొట్టేస్తారు. కాలేజీలో ఈ టీముని ఆయనే పట్టుబట్టి కట్టినాడు. గోల్‌కీపరుకి పాత పరుపు కోసి కాళ్ళకి కట్టుకునే దిండ్లు కుట్టించింది కూడా ఆయనే.

నాకు ఆడను రాలేదు. రెండుసార్లు పడి మోకాలు చీల్చుకున్నాక, "నీకు ఫోనుంది కదా, నువ్వు మాకు మ్యాచ్‌లు కుదుర్చు," అన్నాడు. యాలంటే మాకు మ్యాచ్‌లు వాటంతట అవి వచ్చేవి కావు. యూనివర్సిటీ ఆటల్లో ఈ ఆటే లేదు. కాబట్టి మాకు జోన్ లేదు, లీగ్ లేదు. గెలిస్తే పైకి పోయేది లేదు, ఓడితే కిందికి దిగేది లేదు. మాతో ఆడి తీరాల్సిన టీము ఈ భూమ్మీద ఒక్కటీ లేదు. ఎవురన్నా "రండి" అంటే పోవాల. అనకపోతే మండపంలో మాలో మేమే ఆడుకోవాల.

ఒగనాడు నెట్ సెంటర్లో కెప్టెనన్న నన్ను పిలిచి స్క్రీను చూపించినాడు. అమెరికాలో కాలేజీలు గుంపులు గుంపులుగా చేరి, లీగులు పెట్టుకోని మంచు మీద హాకీ ఆడతాయంట. అయితే ఏ గుంపులోనూ లేని కాలేజీలు కూడా కొన్ని ఉండాయంట. వాళ్ళకి మ్యాచ్ కావాలంటే ఒక్కొక్కరినీ అడుక్కోవాల్సిందే. ఎవురు పిలిస్తే ఆడికి బస్సేసుకోని ఎంత దూరమైనా పోయి ఆడి వస్తారంట.

"చూసినావామే? మన జాతే," అన్నాడు.

అన్ని డబ్బులుండే దేశంలో, అంత మంచు పడే చోట కూడా, ఎవడో ఒకడు ఫోను చెవిలో పెట్టుకోని "మాతో ఆడతారా సార్" అని అడుగుతా ఉండాడు. అచ్చం నా మాదిరి. ఆ పొద్దంతా వాడి గురించే ఆలోచించినా. వాడికీ నా మాదిరే దబ్బున కోపమొస్తాదా, ఫోను పెట్టేసినాక తిట్టుకుంటాడా అని.

అట్ల మేము నెల్లూరు పోయినాం, వేలూరు పోయినాం, బెంగళూరు పోయినాం. ఎప్పుడూ మేమే పోయేది. ఇంకోళ్ళ బండల మీద, ఇంకోళ్ళ కేకల్లో ఆడి, వాళ్ళు పెట్టిన టిఫిన్ తిని, రాత్రి బస్సెక్కి రావడం. మా దగ్గరికి ఒక్క టీమూ రాలేదు. తిరపతికొచ్చేవాళ్ళంతా కొండకే గానీ, మా కోసం ఎవురొస్తారు?

కెప్టెనన్నకి ఆఖరి పరీక్షలు అయిపోయినాయి. ఆగస్టు నుంచి నగరిలో మగ్గాల షెడ్డులో కూర్చోవాల. వాళ్ళ నాయన తేల్చి చెప్పేసినాడు. ఈయన ఇంకేమీ అడగలేదు. "మన హాల్లో ఒక్క మ్యాచ్ ఆడి పోతామే. ఒక్కటంటే ఒక్కటి. ఎవురన్నా మన దగ్గరికి రావాల," అన్నాడు. అంతకుముందు ఆయన ఏదన్నా కావాలని అడగ్గా నేను వినలేదు.

నేను ఆ నెలంతా ఫోను కిందపెట్టలేదు. చార్జింగ్ పెట్టి కూడా పక్కన నిలబడి మాట్లాడినా. ఆఖరికి చెన్నైలో ఒక కాలేజీ టీము దొరికింది. వాళ్ళూ మా మాదిరే. లీగు లేదు, జోను లేదు. ఆడేది కూడా కల్యాణ మండపంలోనే. వాళ్ళ కెప్టెనుకి తెలుగొస్తాది. ఫోను మా అన్న చేతికిచ్చినా. ఇద్దరూ అన్నదమ్ముల మాదిరి మాట్లాడుకున్నారు.

"ఆడి నెలలో పెళ్ళిళ్ళుండవు కదా, మాకు హాలు ఖాళీ అన్నా."

"మాకూ అంతే తంబీ. ఆడి నెల రెండో ఆదివారం వచ్చేయండి."

మండపం పెద్దాయనని ముందే అడిగిపెట్టినాం. ఆయన వ్యాపారస్తుడు, మంచోడు. మ్యాచ్ అయినాక బండలు తుడిచిస్తే చాలు, డబ్బులు కూడా అడగడు. "ఆషాఢమంతా మీదేలే పోండి," అన్నాడు.

ఆ ఆదివారం పొద్దున్నే కర్రలు, బూట్లు మోసుకోని అందరం పోయినాం. గేటుకి రెండు పక్కలా గెలలతో అరటి చెట్లు కట్టుండాయి. లోపల్నించి నాదస్వరం.

నేను పోయి నేరుగా పెద్దాయన మీద పడినా. "ఏంది సామీ ఇది? మా హాల్లో పెళ్ళేంది?"

"మీ హాలా? నేనెప్పుడు రాసిచ్చినా పాపా?"

"ఆషాఢమంతా మాదే అన్లేదా మీరు?"

"అన్నా. ఆషాఢం అమాసతో పాయె. ఇప్పుడు శ్రావణం. శ్రావణంలో కూడా హాలు మీకే ఇస్తే, నేను గుండు కొట్టించుకోని కొండ మీదనే కూర్చోవాల."

వెనకనించి కెప్టెనన్న చిన్నగా అన్నాడు, "ఆడి నెల ఇంకా సగముండాది కదా సామీ."

"నీ ఆడి నెల నగరిలో పెట్టుకో నాయనా. ఈడ నడిచేది తెలుగు పంచాంగం."

అప్పుడు తెలిసింది మాకు. అరవోళ్ళ ఆడి నెలలో పెళ్ళిళ్ళు చెయ్యరు, మన ఆషాఢంలోనూ చెయ్యరు. నగరిలో పుట్టినోడికి రెండూ ఒకటే నెల కింద లెక్క. అయితే ఆషాఢం ముందు మొదలై ముందే అయిపోతాది. ఆడి నెల ఆ తర్వాత కూడా నడస్తానే ఉంటాది. ఇన్నేండ్లూ మేము మాలో మేమే ఆడుకున్నాం కాబట్టి ఆ తేడా ఎప్పుడూ అడ్డం రాలేదు.

చెన్నై వాళ్ళకి ఫోను చేసినా. "రేణిగుంట దాటేసినాం అక్కా! వచ్చేస్తున్నాం!" వెనక పాటలు, కేకలు. పెళ్ళి సంగతి చెప్పకనే కట్ చేసేసినా. కెప్టెనన్న చెప్పులు వదిలే చోట మెట్టు మీద కూర్చున్నాడు. బూట్ల సంచి ఒళ్ళో పెట్టుకున్నాడు. నేను ఏదో అనబోతే, "గమ్మునుండుమే," అన్నాడు.

వ్యాను వచ్చింది. పన్నెండు మంది దిగినారు, అందరికీ ఒకే రంగు చొక్కాలు, చేతుల్లో కర్రలు. గేటు దగ్గర ఒక అవ్వ వాళ్ళని చూసి లోపలికి కేకేసింది. "కోలాటమోళ్ళు వచ్చినారు, సూడండి!"

వాళ్ళ కెప్టెను అరటి చెట్లు చూసినాడు, మమ్మల్ని చూసినాడు. "అక్కా, నిజం చెప్పు. ఇది మ్యాచా, కల్యాణమా?"

మా అన్న లేచినాడు. జరిగిందంతా చెప్పినాడు. "తప్పు నాది తంబీ. మీరు వెనక్కి పోతామంటే నేనేమీ అనలేను."

ఆ పిల్లోడు నవ్వినాడు. "పోతే మమ్మల్ని ఎవరడగతారు అన్నా? పాయింట్లు పోవు, కప్పు పోదు." తలుపు సందులోంచి లోపలికి తొంగి చూసినాడు. జనం కాళ్ళ మధ్య బండలు మెరస్తా ఉండాయి. "ఆ నేల చూసినాక ఎట్ల పోయేది? భోజనం ఎన్ని గంటలకి?"

నాకు ఆ మాటకి కళ్ళల్లో నీళ్ళు తిరిగినాయి. ఫోను చూస్తా ఉన్నట్టు తల దించుకున్నా. మాతో ఆడాలని ఎవురినీ ఏ లీగూ కట్టెయ్యలేదనే కదా ఇన్నాళ్ళూ ఏడ్చింది. వీళ్ళనీ ఎవురూ కట్టెయ్యలేదు. అయినా ఆగినారు.

అంతలో పెళ్ళికూతురు మేనమామ పరిగెత్తుకోని వచ్చినాడు, చెమటలు కారతా. "ఎవురప్పా మీరంతా? కర్రలేంది?" విషయం విన్నాడు. తల పట్టుకున్నాడు. మమ్మల్ని ఒకసారి లెక్కపెట్టినట్టు చూసినాడు. "వంటాయన మనుషులు సగం మంది ఇంకో పెళ్ళికి పోయినారు. వడ్డన చేసే దిక్కు లేదు. మీరు చేస్తే, భోజనాలైనాక సాయంత్రం రిసెప్షన్ దాకా హాలు మీకు. పెద్దాయనకి నేను చెప్తా."

చేసినాం. రెండు టీములూ నడుం వంచి చేసినాం. చెన్నై గోల్‌కీపరు సాంబారు బకెట్టు పట్టుకుంటే ఒక్క చుక్క ఆకు బయట పడలేదు. మా వాళ్ళు ఓళిగలు వేస్తా ఉంటే ఒక తాత, "పిల్లోడా, ఆ కర్ర ఆట ఎప్పుడు మొదలైతాది? నేను బస్సు పోగొట్టుకున్నా పర్లేదు," అన్నాడు. అప్పటికే కబురు హాలంతా పాకిపోయుండాది.

నేల ఊడ్చడం అన్నిటికన్నా కష్టమైంది. తలంబ్రాల బియ్యం. ఒక్క గింజ చక్రంలో పడితే మనిషి ఎగిరి పడతాడు. ఇరవై మందిమి మోకాళ్ళ మీద పాకతా ఏరినాం. పెళ్ళికొచ్చిన ఆడోళ్ళు కూడా పట్టుచీరలు దోపుకోని దిగినారు. "ఈడుండాది, ఈడుండాది," అని పసుపు గింజలు ఏరి నా చేతిలో పోస్తా ఉండారు. భోజనం బల్లలు పక్కకి పడేసి చుట్టూ అడ్డం పెట్టి, రెండు కొసల్లో గోలు వలలు కట్టినాం. పెళ్ళికూతురు వేదిక మీద కుర్చీ ఇటు తిప్పించుకోని కూర్చునింది, మెళ్ళో దండ అట్లనే ఉండాది.

బిళ్ళ కిందపడింది.

నేను అంతకుముందు ఎన్ని మ్యాచ్‌లు చూసినానో. ఇట్లాంటిది చూడలేదు. వాళ్ళు గాలి మాదిరి వచ్చినారు. నల్ల బండ లోపల వాళ్ళ నీడలు తలకిందులుగా జారతా ఉంటే, కింద ఇంకో టీము ఆడతా ఉన్నట్టు ఉండింది. ఐదు నిమిషాల్లో రెండు గోల్స్ వేసేసినారు. మా అన్న, ఊరు కాని ఊర్లల్లో పులి మాదిరి ఆడేవాడు, సొంత హాల్లో వచ్చిన బిళ్ళనల్లా జారవిడస్తా ఉండాడు. ఒకసారి దబ్బుమని పడినాడు.

"లెయ్ నాయనా! మా ఇంటి పెళ్ళిలో పడకూడదు!" మేనమామ అరిచినాడు.

హాలంతా నవ్వింది. మా అన్న కూడా నవ్వినాడు. ఆ నవ్వుతో లేచినాడు. అప్పుడు చూడాల. నేను మొదటి రోజు తలుపు దగ్గర నిలబడి చూసిన మనిషి వచ్చినాడు. ఇద్దరి మధ్యలోంచి సన్నగా దూరినాడు, నడుం తిప్పినాడు, బిళ్ళ ఎప్పుడు పోయిందో కనబడలేదు, వల మాత్రం ఊగింది. మూల కూర్చోనుండిన డోలాయన ఆపుకోలేకపోయినాడు. తాళి కట్టేటప్పుడు వాయించే గట్టిమేళం అందుకున్నాడు. ఎవురో అక్షింతలు వెయ్యబోతే పదిమంది ఆయన చెయ్యి పట్టుకున్నారు. "బియ్యం వెయ్యొద్దు! చక్రాలు! చక్రాలు!"

రెండోది కూడా పడింది. రెండు రెండు. అప్పుడే రిసెప్షన్ లైట్లోళ్ళు నిచ్చెన్లు తీసుకోని వచ్చేసినారు. రిఫరీ లేడు, అదనపు టైము లేదు. ఎవురు గెలిచినారో చెప్పే పుస్తకం యాడా లేదు. పెద్దాయన బండల మీద వంగి, చేత్తో తడిమి, గీత పడిందేమో చూసుకోని, "సరే పోండి," అన్నాడు.

సాయంత్రం వ్యాను బయల్దేరతా ఉంటే పెళ్ళివారు అందరికీ తాంబూలం సంచులిచ్చినారు. చెన్నై వాళ్ళు ఒక్కొక్కరే ఎక్కినారు. మా అన్న గేటు దగ్గర నిలబడినాడు. ఎప్పుడూ బస్సు కిటికీలోంచి చెయ్యి ఊపే మనిషి, కింద నిలబడి ఏం చెయ్యాలో తెలీక, ఒక్కొక్కరి సంచీ అందుకోని లోపల పెట్టి, మళ్ళీ అందుకోని సరిగ్గా పెట్టి, తలుపు తనే వేసినాడు. డ్రైవరు బండి స్టార్ట్ చేసినాడు.

"పోయి రండప్పా," అన్నాడు. బండి కదిలింది. రెండడుగులు దాని వెనకనే పోయి, వీధి చివరికి కూడా వినిపించేట్టు మళ్ళీ అన్నాడు. "మా ఊరికి మళ్ళీ రండి!"