గుండు అడుగున మూడు చుక్కలు

2016 సెప్టెంబరు, ఒక గురువారం ఉదయం. ఒడిశాలో కకిరిగుమ్మకు దగ్గరలో ఒక ఊరు. హాజరైనవారు: ఎస్సై గారు, ఒక కానిస్టేబుల్, కిరాణా వ్యాపారి సింహాచలం, అతని భార్య నరసమ్మ, నేను. ఆ రోజు డైరీ ఇలా మొదలవుతుంది.

అప్పట్లో నేను కోరాపుట్‌లో పోలీసు ఆర్మరర్‌ని. తుపాకులు బాగుచెయ్యడం, కేసు వస్తే వాటిని చూసి మొదటి అభిప్రాయం చెప్పడం నా పని. తుది మాట లాబొరేటరీది.

ముందురోజు సాయంత్రం సింహాచలం మొక్కజొన్న చేనులో అడవిపందులు పడకుండా కాపలా ఉన్న బుద్రా కడుపులో గుండు దిగింది. కోరాపుట్ ఆసుపత్రిలో గుండు తీశారు. మనిషికి తెలివి రాలేదు. ఎవడో వేటగాడు అడవి వైపు నుంచి కాల్చాడని సింహాచలం చెప్పాడు. అతనికి లైసెన్సు ఉన్న పాత రైఫిల్ ఒకటి ఉంది, తండ్రినాటిది. దానికి తూటాలు దొరక్క ఏళ్లయిందని, బీరువాలోనే ఉందని అన్నాడు. తెప్పించి చూశాను. గొట్టంలో కొత్తగా కాలిన వాసన ఉంది. ఎలకలు చేరకుండా నూనె పూశానన్నాడు.

ఎస్సై గారు ఆసుపత్రి నుంచి తెచ్చిన గుండును నా చేతిలో పెట్టారు. ఇంట్లో పోసిన సీసం గుండు. అడుగున చిన్న అల్యూమినియం గిన్నెలాంటిది పట్టుకుని ఉంది. దాన్ని గ్యాస్ చెక్ అంటారు. మందు పేలినప్పుడు పుట్టే వేడికి సీసం అడుగు కరిగిపోకుండా తొడిగే లోహపు టోపీ అది. ఇక్కడ కొనడానికి దొరకదు. ఎవరో రేకు కత్తిరించి చేసుకున్నారు.

"కూల్‌డ్రింకు డబ్బా రేకేమో బాబూ," అన్నాడు సింహాచలం. "పంది తాగి పడేసుంటాది." కానిస్టేబుల్ నవ్వాడు.

డబ్బా రేకు అంత మందం ఉండదు. భూతద్దంతో చూస్తే రేకు మీద మూడు చుక్కలు, కొంచెం వంపు తిరిగి ఉన్నాయి. పెళ్లి గిన్నెల మీద పేరు చుక్కలుగా కొట్టించిన ఇంట్లో పుట్టినవాణ్ణి. ఆ చుక్కలు నాకు కొత్త కాదు.

బుద్రా కుటుంబం గురించి ఎస్సై గారు అడిగారు.

"ఆలు మంచోలు కారు బాబూ," అన్నాడు సింహాచలం. "ఆడి పెళ్లాం ముక్త మా ఇంట్లో పనిసేసీది. డేక్చీ మూత ఎత్తుకుపోనాది. పన్లోంచి తీసీసేం."

ఆ డేక్చీ చూపించమని నరసమ్మను అడిగాను. ఎందుకని అడగకుండా తెచ్చింది. అల్యూమినియం డేక్చీ, పుట్టింటివాళ్లు పెట్టినది. అంచు కింద ఆమె పేరు చుక్కల్లో ఉంది. మూత మీద కూడా అలాగే కొట్టించారని చెప్పింది. భూతద్దం అక్కడ పెట్టి, తర్వాత గుండు మీద పెట్టాను. చుక్కల లోతు, ఎడం ఒకేలా ఉన్నాయి. నరసమ్మ కూడా వంగి చూసింది.

"మూత మీరా తీసేరు?" అంది భర్తతో. "ముక్త దొంగని సంతలో అందరికీ సెప్పేను నాను. మీరు పక్కనే ఉన్నారు."

అతను అరుగు మీద కూర్చున్నాడు. "పందనుకున్నాను. సీకటి పడతంది. ఆడు కూకున్నాడు."

లోహం దగ్గర అబద్ధం నిలవదని ఉద్యోగమంతా నమ్మాను. అక్కడా నిలవలేదు. కాని అది బయటపడినంత మాత్రాన ఎవరికీ ఏదీ తిరిగి రాదని ఆ కేసు నాకు నేర్పింది.

మర్నాడు తెల్లవారుజామున బుద్రా పోయాడు. శవాన్ని అప్పగించే కాగితాల మీద వేలిముద్ర కోసం అతని భార్య ముక్తను స్టేషనుకు తీసుకువచ్చారు. నేను అక్కడే కూర్చుని రిపోర్టు రాస్తున్నాను. ఎవరు కాల్చారో ఆమెకు అప్పటికే చెప్పారు. దాని గురించి ఏమీ అడగలేదు. సిరా అంటిన వేలు చీరకు తుడుచుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది.

"బాబూ, మూత నాను తియ్యలేదని రాసినావా?"

రైఫిల్ గురించి, గుండు గురించి, రేకు గురించి రాశాను. ఆ మాట రాయడానికి నా రిపోర్టులో చోటు లేదు. ఆమె నిలబడే ఉంది.