అక్క కంటి ఫొటో

2007లో బోధన్‌లో మా వాడకట్టు బడికి కంటి పరీక్షల వాళ్లు వచ్చారు. సూట్‌కేసులో పట్టే కెమెరాతో కంటి లోపలి పొరను ఫొటో తీసి, నిజామాబాద్‌లో ఉన్న డాక్టరుకు కంప్యూటర్‌లో పంపుతారట. చక్కెర జబ్బు ఉన్నవాళ్లు తప్పక రావాలన్నారు.

మా అక్కకు ఆ జబ్బు వచ్చి అప్పటికి పదకొండేళ్ల నాలుగు నెలలు. ఆమె మాత్రం ఎనిమిదేళ్లే అంటుంది. గోలీలు మానేసిన కాలాన్ని తీసేసి లెక్క వేస్తుంది. కుడి కన్ను మసకబారిందని కూడా తనంతట తాను చెప్పలేదు. బీడీ ఆకు కత్తిరిస్తూ మూడోసారి వేలు కోసుకున్నాక నాకే తెలిసింది.

మా దగ్గర చక్కెర పరీక్ష పదో తరగతి పరీక్షలాంటిది. ముందు మూడు రోజులు కష్టపడితే పాసవుతారు. అక్క మూడు రోజులు అన్నం ముట్టలేదు, పూటపూటకూ కాకర రసం తాగింది. బడిలో వేలు గుచ్చి చూస్తే నూట పద్దెనిమిది.

"సూసినవా చెల్లె? నాకేం బీమారి లేదు. గోలీలు అమ్ముకునేతందుకే గిట్ల బెదిరిస్తరు," అంది.

తర్వాత కంట్లో చుక్కలు వేసి, ఇరవై అయిదు నిమిషాలు కూర్చోబెట్టి ఫొటో తీశారు. తెర మీద నారింజ రంగు వృత్తం, దానిలో ఎర్ర మచ్చలు. నేను ఎంచితే పద్నాలుగు. గంట తర్వాత డాక్టరు ఫోన్ చేశాడు. ఫొటో తీసినాయన ఆ కబురుతో మా అక్క దగ్గరికి వచ్చాడు.

"అవ్వా, కుడి కంట్ల నెత్తురు కారింది. గిది మూడు దినాలది కాదు, ఏండ్ల సంది అయితున్నది. నిజామాబాద్ పోయి లేజర్ చేపిచ్చుకో. లేకుంటే చూపు పోతది."

"గది నా కన్ను గాదు. నా ముందు కూసున్నామెది. కలిపేసిండ్రు."

ముందు కూర్చున్నామె ఊరుకోలేదు. "నీ మచ్చలు నాకెందుకు అంటగడ్తవ్ అక్కా? నా కన్ను నాకుండనియ్యి!"

నేను వాళ్లు రాసిచ్చిన చీటీ తీశాను. అక్క నంబరు పదిహేడు, ఫొటో పదకొండు ఇరవైకి. తెర మూలన అదే నంబరు, అదే టైము.

"నీ చీటీలు అగ్గిల పెట్ట! తోడబుట్టినదానివా, పోలీసుదానివా?"

"రెండూ," అన్నాను.

సోమవారం బస్సెక్కించాను. మూడుసార్లు లేజర్ చేశారు. పోయిన చూపు రాలేదు, ఉన్నది నిలిచింది. అక్క మాత్రం ఇప్పటికీ వచ్చినవాళ్లందరికీ చెబుతుంది: "గా కెమెరా డబ్బా పెట్టకముందు నా కన్ను మంచిగుండె." ఆ మాట అంటూనే వీధి చివర నడిచొచ్చే ఆడమనిషిని గుర్తుపట్టి, ఆమె కొత్త చెప్పులకు వంక పెడుతుంది.