అత్త పోగును తిట్టిన సినిమా

నిన్న నా కూతురు నా ఫోన్‌కు ఒక పోస్టర్ పంపింది. అరవనాట, వేలూరు దగ్గర మా గుడియాత్తంలో చిన్న సినిమాల పండుగట, ఒక కల్యాణ మండపంలో, భోజనంతో సహా. సినిమా పండుగలంటే మద్రాసులో చల్లటి హాళ్లలో, గడ్డాలు పెంచినవాళ్లు జరుపుకునేవని అనుకునేవాణ్ణి. అవి వేలూరు దాకా ఎప్పుడొచ్చాయి, మా మగ్గాల వీధికి దారెలా కనుక్కున్నాయి అని ఆరా తీయాలనిపించింది. ఆలోచిస్తే మా అత్తే గుర్తొచ్చింది.

అత్త అంటే నాన్న చెల్లెలు. గుంట మగ్గం మీద లుంగీలు నేస్తుంది. కొన్నేళ్ల కిందట నా కూతురు ఆమె మీద పది నిమిషాల సినిమా తీస్తానని కెమెరాతో దిగింది. మా ఇళ్లలో తెలుగు లోపలి మాట. గడపలో పరాయి మనిషి నీడ పడితే చాలు, అందరం అరవంలోకి మారిపోతాం. అత్త కెమెరాను కూడా పరాయి మనిషిగానే లెక్కేసింది. "వాంగ, ఉక్కారుంగ" అని దాన్ని రమ్మని, కూర్చోమని మర్యాద చేసి, మనవరాలు తెలుగులో ఏమడిగినా అరవంలోనే జవాబు చెప్పింది. విసుగెత్తి నా కూతురు కెమెరాను ఆపకుండానే కాఫీకి లేచిపోయింది. అప్పుడు పోగు తెగింది. అత్త అన్నీ మరిచిపోయి, ఆ పోగును కన్నబిడ్డను తిట్టినట్టు ఇంటి తెలుగులో తిట్టింది. సినిమా దొరికింది.

దాన్ని వేలూరు పండుగకు పంపుతామంటే అత్త ముఖం వాడిపోయింది. "ఇంట్లో మాటప్పా అది. తెలుగోళ్లు ఇన్నా నవ్వుతారు, అరవోళ్లు ఇన్నా నవ్వుతారు. మొగం యాడ పెట్టుకునేది?" అంది. ఒక పెళ్లిలో విజయవాడ వైపువాళ్లు ఆమె మాటకు నవ్వారు. ఆమె అది మరిచిపోలేదు. నువ్వు వద్దంటే పంపనని నా కూతురు తేల్చి చెప్పింది. చాలా ఆలోచించి అత్త షరతు పెట్టింది: "నేనూ వస్తా. నవ్వితే ఆడికాడికే ఆపేయాల."

వేలూరు తొరపాడిలో చిన్న హాలు. తెర మీద పోగు తెగింది, అత్త తిట్టింది, హాలంతా గొల్లున నవ్వింది. అత్త కొంగు బిగించి లేచింది. నా కూతురు మాట తప్పలేదు. "ఆపండి!" అని అరిచింది. అంతలో వెనక వరసలోంచి ఒకావిడ లేచి తెలుగులో అంది: "ఆపొద్దమ్మా! మాయమ్మ గూడా నూలుని ఇట్నే తిడతా ఉండె. ఆయమ్మ పోయినాక ఇప్పుడే ఇంటా ఉండా."

అత్త వెనక్కి తిరిగింది. అంతమంది మధ్య, గొంతు తగ్గించకుండా, "మీది ఏ ఊరమ్మా?" అని తెలుగులోనే అడిగింది. ఆ పెళ్లి తర్వాత బయట ఆమె తెలుగు వినడం నాకదే మొదలు. సంతోషంతో ఏడుపొచ్చింది. ఆవిడది దగ్గర్లోని విరించిపురమట. ముందు వరసవాళ్లు ఎంత ఉష్ అన్నా ఇద్దరూ ఆపలేదు. సినిమా దారిన సినిమా నడిచింది.

ఆ తర్వాత మా వీధి పిల్లలు తమ అవ్వల ముందు ఫోన్లు పెట్టుకుని కూచోవడం మొదలుపెట్టారు. ఇప్పుడీ గుడియాత్తం పండుగ వాళ్లదే. మా మాటకు మేమే సిగ్గుపడటం నేర్చుకోవడానికి ఎన్ని తరాలు పట్టిందో తెలియదు గానీ, అత్తకు ఆ సిగ్గు వదలడానికి పది నిమిషాల సినిమా కూడా పూర్తిగా పట్టలేదు.