ఇదా, ఇందాకటిదా?

కళ్ళజోళ్ళాయనకి ఏ విషయమూ తేల్చడం చేతకాదు. పొద్దస్తమానం కొట్లో కూర్చుని, వచ్చినవాళ్ళ కళ్ళముందు అద్దాలు మార్చిమార్చి పెడుతూ "ఇది బాగుందా, ఇందాకటిదా?" అని అడగడం ఆయన వృత్తి. సాయంత్రం కొట్టుకి తాళం వేసేవాడు గానీ ఆ ప్రశ్నకి వేసేవాడు కాదు. చొక్కా తొడుక్కుని అదే అడిగేవాడు, పక్క మీద తలగడ తిరగేసి అదే అడిగేవాడు. పెళ్ళికి ముందు తనని చూసి కూడా ఎవరినో అడిగే ఉంటాడని ఆయన భార్య గట్టి నమ్మకం.

ఆయనకో కారు ఉంది. వాళ్ళ నాన్న కొన్నది. చూడటానికి గుండ్రంగా, ముచ్చటగా ఉంటుంది. ఇంజను మాత్రం వీధి మొదట్లో దగ్గితే వీధి చివర కిటికీలు అదిరేవి. పొద్దున్నే అది కదలాలంటే ఎవరో ఒకరు వెనకనుంచి తొయ్యాలి. ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ భార్యే. పాపం, లైబ్రరీలో ఉద్యోగం ఆమెది. అక్కడికి చేరేసరికే ఒళ్ళు హూనమైపోయేది. అక్కడ అందరూ నిశ్శబ్దంగా ఉండాలి కనక ఆమెకి అదే పెద్ద విశ్రాంతి.

కారుకి కొత్త ఇంజను పెట్టించాలా వద్దా అని ఆయన అడగని మనిషి లేడు. పోస్టుమాన్‌ని ఎండలో నిలబెట్టి అడిగాడు. తన పన్ను పీకుతున్న డాక్టరుని తెరిచిన నోటితోనే అడిగాడు. పెట్టించెయ్యమన్నవాళ్ళతో "మరి బండి కళ పోదూ?" అనేవాడు. వద్దన్నవాళ్ళతో "మరి మా ఆవిడ నడుం పోదూ?" అనేవాడు. డాక్టరుతో ఏమన్నాడో డాక్టరుకే అర్థం కాలేదు.

చివరికి మెకానిక్ విసిగిపోయాడు. సరిపోయే ఇంజను దొరికి షెడ్డులో కూర్చుంది. ఇంకొకాయన దానికోసం తిరుగుతున్నాడు. శనివారం సాయంత్రంలోగా చెప్పకపోతే ఆయనకి ఇచ్చేస్తానన్నాడు. "మీకోసం ఎదురుచూసి నా కళ్ళు కాయలు కాశాయి సార్" అంటే, ఈయన అలవాటుకొద్దీ ఆ కళ్ళలోకి పరీక్షగా చూసి వచ్చేశాడు.

శనివారం వచ్చింది. ఇక ఈ మనిషితో అయ్యేది కాదని భార్య నిశ్చయించుకుంది. పూట సెలవు పెట్టి, ఆయన్ని వెంటబెట్టుకుని షెడ్డుకి వెళ్ళి, సరేనని తనే చెప్పెయ్యాలని మధ్యాహ్నానికే ఇంటికి వచ్చింది. ఆ వేళకి ఆయన ఇంట్లోనే ఉంటాడు. ఆమె తల్లి వాళ్ళ దగ్గరే ఉంటుంది. పెద్దావిడకి మతిమరుపు ముదిరి కన్నకూతుర్ని కూడా పోల్చుకోలేదు. మధ్యాహ్నం కొట్టు మూసి వచ్చి ఆవిడకి భోజనం పెట్టేది అల్లుడే.

వాకిట్లో పాత కారు పక్కన ఎవరిదో కారు ఆగి ఉంది. ఆమె గుమ్మం దగ్గరే ఆగిపోయింది. లోపల ఆయన కంచం పట్టుకుని మంచం పక్కన కూర్చున్నాడు. పెద్దావిడ పెదవులు బిగించుకుని ఉంది.

"ఎవరు బాబూ నువ్వు?"

"మీ అల్లుణ్ణే అత్తయ్యా. కారులోనే వచ్చాను."

"మా అల్లుడు వస్తే ఈపాటికి గోడలు అదిరేవి. అతను వచ్చాకే తింటాను."

ఆయన వాదించలేదు. కంచం మీద మూత పెట్టి బయటికి వచ్చి, భార్యని చూసి బిక్కచచ్చిపోయాడు. తర్వాత నెమ్మదిగా సంగతి చెప్పాడు. ఆ కారు మెకానిక్‌ది. అందులో ఉన్నది కొత్తరకం ఇంజనే, బొత్తిగా చప్పుడు లేదు. ఈ వారమంతా పొద్దున్న ఆమె వెళ్ళాక పాత కారు ఇంట్లో పెట్టేసి, మధ్యాహ్నాలు దాంట్లో వచ్చి చూశాడు. రోజూ ఇదే తంతు. పాత కారు తీసి వీధిలో ఓ చుట్టు తిప్పుకొస్తే గానీ పెద్దావిడ ముద్ద ముట్టడం లేదు. పక్కింటాయన్ని బతిమాలి తోయిస్తున్నాడు. ఇవాళ ఆ పక్కింటాయన ఇంట్లో ఉండి కూడా లేననిపించాడు.

ఈ మాట తనకెందుకు చెప్పలేదని ఆమె అడిగింది.

"చెబితే కారు తోసినప్పుడల్లా అమ్మ మీద విసుక్కుంటావేమోనని" అన్నాడాయన. "నా మీదైతే నీకు అలవాటేగా."

ఆమె ఇంతకాలం చేతకానితనం అనుకున్నది, తన విసుగంతా ఆయన నెత్తిన వేసుకోవడమని తెలిసి మనసు కరిగిపోయింది. చేతిసంచి మెట్టు మీద పెట్టి, ఆయన్ని కారులో కూర్చోమని, వెనక్కి వెళ్ళి, నడుం వంచి తోసింది. కారు దగ్గింది, తుమ్మింది, ఊరంతా వినపడేలా ఒక్క అరుపు అరిచి కదిలింది. అది వీధి చుట్టి వచ్చేసరికి లోపల్నుంచి పెద్దావిడ గొంతు వినిపించింది.

"వచ్చాడు. కంచం తెండి."

ఆయన కారు కిటికీలోంచి తల బయటపెట్టాడు. "మరి మెకానిక్‌కి ఏం చెప్పమంటావు? ఇదా, కొత్తదా?"

"ఇదే. ఇంక ఎవర్నీ అడక్కండి."

ఆయన బుద్ధిగా తలూపి దిగాడు. రెండడుగులు వేసి ఆగాడు.

"సరే, ఇంజను సంగతి తేలిపోయింది. మరి హారను?"

ఆమె నవ్వుకుంటూ లోపలికి వెళ్ళి కంచం మీద మూత తీసింది.