కోటు వదలని చెయ్యి

కెనడాలోని సార్నియాలో కాలేజీలో చేరిన మొదటి చలికాలం అది. బస్సులు తక్కువని పాత కారు ఒకటి కొన్నాను. పార్ట్‌టైమ్ జాబ్‌లో నాతోపాటు పనిచేసే జేమ్స్ అంకుల్‌ని రోజూ ఇంటి దగ్గర దింపేవాణ్ణి. ఆఫ్రికాలో కొత్తగా ఏర్పడిన ఒక దేశం ఆయనది. అక్కడ పోలీసుగా చేశారని తెలుసు, అంతకుమించి చెప్పేవారు కాదు.

ఒక మధ్యాహ్నం మా వెనక పోలీసు కారు లైట్లు వెలిగాయి. పక్కకి ఆపాను. మా నల్గొండలో ఎస్సై ఆపితే బండి దిగి, కాగితాలు పట్టుకుని, "సార్, సార్" అంటూ మనమే ఎదురెళ్లాలి. కూర్చునే ఉంటే పొగరనుకుంటారు. ఆ అలవాటుకొద్దీ డోర్ తీసి, దిగబోతూ కోటు జేబులో చెయ్యి పెట్టాను.

అంకుల్ నా కోటు పట్టుకుని సీట్లోకి గుంజారు.

"కదలకు. చేతులు స్టీరింగ్ మీద పెట్టు."

అద్దంలో చూస్తే, వస్తున్న పోలీసు చెయ్యి నడుం దగ్గర తుపాకీ మీద ఉంది.

వెనక లైటు ఒకటి వెలగట్లేదట. బాగు చేయించుకోమని చెప్పి అతను వెళ్లిపోయాడు. అంకుల్ మాత్రం నా కోటు వదల్లేదు.

"అప్పటికి మాకు యూనిఫాం వచ్చి మూడు నెలలే. తుపాకీ ఇచ్చారు, ట్రైనింగ్ ఇవ్వలేదు. చెక్‌పోస్టు దగ్గర ఒకాయన కారు దిగి, ఇలాగే జేబులో చెయ్యి పెట్టాడు" అన్నారు. నా జేబు వైపు చూస్తూ, "కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. తర్వాత నేనే తీసి చూశాను" అన్నారు.

కాల్చింది ఎవరని నేను అడగలేదు.

ఆ రోజు నాకు నిజంగా ప్రాణగండం తప్పిందో, ఊరికే భయపడ్డానో తెలీదు. కానీ ఇప్పటికీ పోలీసు ఆపితే ముందు గుర్తొచ్చేది, కాగితాలు చూపించలేకపోయిన ఆ మనిషే.